ఉమ్ము చెప్పే రోగం సంగతి
పుండు నొప్పి పుట్టేదాకా ఆగొద్దు

విత్తనం వేసే ముందు పొలంలో అక్కడక్కడా మట్టి తీసి, కలిపి, అర కిలో పరీక్షకు పంపిస్తాం. ఆ కాస్త మట్టే పొలం మొత్తం సత్తువ చెబుతుంది. మనిషి ఒంటికి ఉమ్ము కూడా అలాంటిదే. సూది గుచ్చక్కర్లేదు, నెత్తురు తీయక్కర్లేదు.

ఉమ్ములో ఏముంది?

మన నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. నూటికి 99 పాళ్లు నీరే. అసలు సంగతి మిగిలిన ఆ ఒక్క పాలులో ఉంటుంది. నెత్తుటిలోని కొన్ని పదార్థాలు అందులోకి దిగుతాయి. నోటి లోపల రాలిన కణాలు, సూక్ష్మజీవులు కూడా కలుస్తాయి. జబ్బు మొదలైతే వీటిలో మార్పు వస్తుంది. పరీక్షలో పట్టుకునేది ఆ మార్పునే.

చిగుళ్ల మీద పుల్ల రాసి హెచ్.ఐ.వి. సంగతి తెలుసుకునే పరీక్షకు అమెరికాలో 2004లోనే అనుమతి వచ్చింది. కోవిడ్ రోజుల్లో ఉప్పు నీళ్లు పుక్కిలించి ఇచ్చే పరీక్షను నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసింది. దానికి 2021 మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి ఆమోదం తెలిపింది.

దేనికి పనికిరాదు?

నోటి క్యాన్సర్‌ను ఉమ్ముతో ముందే పసిగట్టాలని పరిశోధనలు సాగుతున్నాయి. అయితే ఈనాటికీ ఖాయంగా తేల్చేది మచ్చ దగ్గర చిన్న ముక్క తీసి చేసే పరీక్షే. షుగరు కూడా రక్త పరీక్షతోనే తేలాలి.

ఇంకొక సంగతి. క్షయకు ఆస్పత్రిలో అడిగేది ఉమ్ము కాదు, కళ్లె. గట్టిగా దగ్గి, ఛాతీ లోపలి నుంచి తీసి ఇవ్వాలి. చాలామంది నోట్లో ఉమ్ము డబ్బాలో ఊసి ఇచ్చేస్తారు. అలా ఇస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు.

ఎవరు జాగ్రత్త పడాలి?

చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, వక్క, సారా అలవాటున్న వాళ్లు. శ్రీకాకుళం, విశాఖ తీరం పల్లెల్లో కొందరు ఆడవాళ్లు నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. దీనివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని ఎప్పుడో తేలింది.

ఉమ్ము పరీక్ష మన ఊరికి వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, వెలుతురులో జనం నోళ్లు చూశారు. పొగాకు, సారా అలవాటున్న వారిలో నోటి క్యాన్సర్ చావులు దాదాపు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. కేవలం చూడటంతోనే ఇంత మేలు!

ఇంట్లో ఇలా చూసుకోండి

నెలకోసారి నోరు పుక్కిలించి, ఎండ వెలుతురులో అద్దం పట్టుకోండి. పెదవుల లోపల, రెండు బుగ్గలు, చిగుళ్లు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి చూడాలి.

* తెల్లని లేదా ఎర్రని మచ్చ
* రెండు వారాలైనా మానని పుండు
* గడ్డ, తిమ్మిరి, కారం తగిలితే మంట
* మూడు వేళ్లు పట్టేంతగా నోరు తెరుచుకోకపోవడం

వీటిలో ఏది కనబడ్డా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. తొలి దశలో చాలా మచ్చలకు నొప్పి ఉండదు. జనం మోసపోయేది ఇక్కడే.

30 ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగరుతో పాటు నోరు కూడా చూసే ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉంది. మీ ఊరి ఏ.ఎన్.ఎం.నో, ఆశా కార్యకర్తనో అడగండి.

పత్తి ఆకు తిరగేసి పురుగు గుడ్లు వెతికే రైతుకు తన నోరు చూసుకోవడం పెద్ద పనేం కాదు. పురుగైనా, పుండైనా ముందు చూస్తేనే చేతిలో ఉంటుంది.