కొమ్మ మీదే వేళ్లు

బ్లూబెర్రీ గింజ నాటినా మొక్క వస్తుంది. అయితే దాని పండు తల్లి పండులా ఉంటుందన్న నమ్మకం లేదు. నచ్చిన రకమే మళ్లీ కావాలంటే ఆ పొద కొమ్మనే మొక్కగా మార్చుకోవాలి. అందుకు ఉన్న దారుల్లో గాలి అంటు ఒకటి. వానాకాలంలో మన దగ్గర జామకూ దానిమ్మకూ కట్టేది ఇదే.

బ్లూబెర్రీని తోట పంటగా మలిచింది అమెరికాలోని న్యూజెర్సీలో. అక్కడ ఎలిజబెత్ వైట్, వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ కలిసి 1916లో తొలి పంటను అమ్మకానికి తెచ్చారు. పెద్ద పండ్లు కాసే అడవి పొదలను చూపించినవారికి వైట్ డబ్బు ఇచ్చేవారు. అలా దొరికిందే రూబెల్ రకం. నేటి రూబెల్ మొక్కలన్నిటికీ మూలం ఆ ఒక్క పొదే. ఇప్పుడు న్యూజెర్సీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పెరట్లో బ్లూబెర్రీ ఉన్నవారికి ఈ పద్ధతి పనికొస్తుంది.

కొమ్మలో రెండు దారులుంటాయి. వేళ్ల నుంచి నీరు లోపలి చెక్క గుండా పైకెక్కుతుంది. ఆకులు వండిన చక్కెర బెరడు గుండా కిందికి దిగుతుంది. పెన్సిలంత కొమ్మ మీద అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలా తీసేస్తే కిందికి దిగే దారి మాత్రమే తెగుతుంది. నీరు అందుతూనే ఉంటుంది కనుక ఆకులు వాడవు. చక్కెర, ఆక్సిన్ (వేళ్లు పుట్టించే హార్మోను) గాటు పై అంచు దగ్గర ఆగి పోగవుతాయి. వేళ్లు అక్కడి నుంచే వస్తాయి. అందుకే వేళ్లు రప్పించే పొడి రాసేవారు పై అంచుకే రాయాలి. చెక్క మీది జిగట పొరను (కాంబియం, కొత్త బెరడు పుట్టే పొర) గీకి తీయాలి. ఇది మరిచిపోతే బెరడు మళ్లీ కలిసిపోతుంది, శ్రమ వృథా.

తర్వాత తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచును గాటు చుట్టూ పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు కొసలా బిగించి కట్టాలి. ఎండ తగిలే చోట పైన అల్యూమినియం రేకు చుడితే నాచు వేడెక్కదు. వసంతం చివర కడితే మంచిది. బ్లూబెర్రీ నిదానపు మొక్క. వేళ్లకు రెండు మూడు నెలలు, ఒక్కోసారి సీజనంతా పడుతుంది.

నర్సరీలు ఎక్కువగా కొమ్మ ముక్కలతోనే మొక్కలు చేస్తాయి. ముక్క వేళ్లు లేకుండానే బతకాలి. అంటుకొమ్మకు వేళ్లు వచ్చేదాకా తల్లి నీరందిస్తుంది. ఇంటికి ఒకటి రెండు మొక్కలు కావాలంటే నా ఓటు అంటుకే.

నాచులో వేళ్లు బాగా కనిపించాకే గాటు కింద కోయాలి. బ్లూబెర్రీ వేళ్లు దారాల్లా సన్నగా ఉంటాయి. వాటికి నూగువేళ్లు ఉండవు, కాస్త ఆరినా చచ్చిపోతాయి. కాబట్టి నాచు విప్పకుండానే నాటి, కొన్ని వారాలు నీడలో ఉంచాలి. మట్టి పుల్లగా, అంటే పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. బూడిద, సున్నం దగ్గరికి రానివ్వకండి.

ఒక్క జాగ్రత్త. అమెరికాలో కొత్త రకాల్లో చాలావాటికి పేటెంటు ఉంటుంది. దాని గడువు దరఖాస్తు నుంచి 20 ఏళ్లు. అప్పటివరకు అనుమతి లేకుండా వాటికి అంటు కట్టడం చట్టవిరుద్ధం. కత్తి పట్టే ముందు మొక్క చీటీ చదవండి.