ఇసుక దిబ్బ దాచిన మంచినీరు

కెన్యా తీరం దగ్గర, హిందూ మహాసముద్రంలో లాము అనే చిన్న దీవి ఉంది. అక్కడి పాత స్వాహిలీ పట్టణంలో మీకు ఎక్కువగా వినిపించేది గాడిదల గిట్టల చప్పుడే. సందులు కార్లు పట్టనంత ఇరుకు. ఇళ్ళకు పగడపు రాతి గోడలు, మడకర్రల దూలాలు. 2001లో యునెస్కో ఈ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చుట్టూ ఉప్పు సముద్రమే కదా, మరి ఈ ఊరివాళ్ళు తాగే నీళ్ళెక్కడివి?

పక్కనున్న షేలా గ్రామం దగ్గర పెద్ద ఇసుక దిబ్బలున్నాయి. వాననీరు వాటిలో ఇంకి, లోపలి ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. లీటరు మంచినీరు సుమారు 1000 గ్రాములు. సముద్రపు నీరు 1025. ఈ కొద్ది తేడా వల్ల, సముద్రమట్టానికి పైన 1 మీటరు మంచినీరు నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల వరకు మంచినీరే ఉండగలదు. కాని అతిగా తోడి పై మట్టాన్ని ఒక్క మీటరు తగ్గిస్తే, కాలక్రమాన ఉప్పునీరు 40 మీటర్లు పైకి వస్తుంది! అందుకే ఆ దిబ్బలను కాపాడుకోవాలి.

మీరూ చేసి చూడండి. గ్లాసులో సగం వరకు చిక్కటి ఉప్పునీళ్ళు పోయండి. రంగు కలిపిన మంచినీళ్ళను చెంచా మీదుగా మెల్లగా వదలండి. పైన తేలుతాయి. ఇప్పుడు చెంచాతో కలపండి. మళ్ళీ విడదీయగలరా?