వెబ్‌పుటలో అడ్డుగోడలు

నేటి వెబ్‌పుట ఒక్కరు వ్రాసినది కాదు. పటములు గీయుటకు, తేదీలు చూపుటకు ఇతరులు ముందే వ్రాసియుంచిన జావాస్క్రిప్టు ఆదేశములను అందులో చేర్చుకొందురు. ఇట్టి ఆదేశముల సంపుటికి లైబ్రరీ అని పేరు. 2006లో వెలువడిన జేక్వెరీ వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది.

సామాన్యముగా బ్రౌజరు, పుట యజమాని ఆదేశములకును ఈ అరువు ఆదేశములకును భేదము చూపదు. ఉమ్మడి యింటిలో అన్ని గదులకు ఒకే తాళపుచెవి యున్నట్లు, లోనికి వచ్చిన ప్రతి లైబ్రరీయు పుటనంతను చదువగలదు, మార్చగలదు. ఇందలి అపాయము 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విషయమున తేటతెల్లమైనది. ఆ సంస్థ పుటలలో వాడిన మోడర్నైజర్ అను లైబ్రరీ ప్రతికి దొంగలు కొన్ని పంక్తులు చేర్చిరి. ప్రయాణికులు నింపిన కార్డు వివరములు వేరొక సర్వరునకు చేరినవి. 4 లక్షలకు పైగా వ్యక్తుల సమాచారము ఈ దాడికి లోనైనది. 2020లో బ్రిటన్ సమాచార కమిషనరు కార్యాలయము ఆ సంస్థకు 2 కోట్ల పౌండ్ల జరిమానా విధించినది.

ఇట్టి అపాయములకు రెండు అడ్డుగోడలు కలవు. ఆదేశములు ఏయే చిరునామాలనుండి రావచ్చునో తెలుపు పట్టికను సర్వరు బ్రౌజరునకు ఇచ్చుట మొదటిది. పట్టికలో లేనిచోటునుండి వచ్చు లైబ్రరీని బ్రౌజరు నిరాకరించును. కాని పై ఉదాహరణలో దొంగ పంక్తులు సంస్థ సొంత సర్వరునుండియే వచ్చినవి. కనుక ఈ గోడ ఒక్కటియే చాలదు.

పుటను విడిభాగములుగా చేసి, ఒక్కొక్క దానికి ప్రత్యేకముగా ప్రహరీ కట్టుట రెండవది. సేల్స్‌ఫోర్స్ సంస్థ 2017లో అమలుపరచిన లాకర్ పద్ధతి ఇట్టిది. ఇందులో విడిభాగమునకు అసలు పుట చేతికి రాదు. దాని బదులు ఒక ప్రతినిధి మాత్రమే లభించును. ఆ ప్రతినిధి ద్వారా విడిభాగము తన గదిలోని వస్తువులనే చూడగలదు.

పాత లైబ్రరీలకు చిక్కు వచ్చినది ఇచ్చటనే. “పుటయంతట వెదకి, ఫలానా పేరుగల పెట్టెలో పటము గీయుము” అని అవి వ్రాయబడినవి. వెదకులాట పుట మొదటినుండి సాగి ప్రహరీయొద్ద ఆగును. పెట్టె లోపలనే యున్నను కనబడదు, పటము రాదు. అంతేకాక, లాకర్ జావాస్క్రిప్టు కఠిన నియమములను తప్పనిసరి చేయును. ప్రకటింపకయే చరరాశికి విలువ నిచ్చు ఆదేశము పూర్వము చెల్లెడిది. ఇప్పుడు దోషమై ఆగిపోవును. నిర్దోషియైన లైబ్రరీకి సహితము ఈ నిర్బంధము తప్పదు; దొంగ ఎవరో, సాధువు ఎవరో గోడకు తెలియదు కదా!

దీనికి ఉపాయము సులభమే. లైబ్రరీ పెట్టెను వెదకుటకు మారుగా, విడిభాగమే తన పెట్టెను దాని చేతికి అందింపవలెను. డి3, చార్ట్‌జెయెస్ వంటి లైబ్రరీలు పెట్టె పేరునేగాక పెట్టెనే స్వీకరింపగలవు. అయినను చేతికిచ్చినదానిని లైబ్రరీ చూడకమానదు. కావున కార్డు వివరములున్న గదిలోనికి దేనిని రానీయవలెనో నిర్ణయించు బాధ్యత మనుష్యులదే.

ప్రోగ్రాములు వ్రాయ నేర్చు విద్యార్థులకు ఇందొక పాఠము కలదు. ప్రతి ప్రమేయము తనకు కావలసినదానిని బయట వెదకికొనక, అడిగి పుచ్చుకొనునట్లు వ్రాయవలెను. అట్టి ప్రమేయము ఏ ప్రహరీలోనైనను పనిచేయును.