పాత స్పీకర్ల జతకు చెక్క రంగు కుదరాలంటే

స్పీకర్ పెట్టెల్లో పూర్తిగా అసలు కలపతో చేసినవి తక్కువ. లోపల ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు లేదా ప్లైవుడ్ ఉంటుంది. దాని మీద అంటించే వెనీర్, అంటే నిజమైన చెక్క నుంచి తీసిన పల్చటి పొర, సాధారణంగా ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. చవక రకాలకు అదీ ఉండదు. చెక్క చారలు అచ్చువేసిన వినైల్ అతికిస్తారు. పాత జత కొనేవారు ముందు తేల్చుకోవలసింది పైనున్నది వెనీరా, వినైలా అన్నదే. వినైల్‌లో అవే చారలు కొంత దూరంలో మళ్లీ కనిపిస్తాయి, మూలల్లో పొర లేస్తుంది.

మంచి తయారీదారులు ఒకే దుంగ నుంచి వరసగా తీసిన వెనీర్‌ను రెండు పెట్టెలకూ వాడతారు. అందుకే వరస సీరియల్ నంబర్లున్న జతకు విలువ ఎక్కువ. బీబీసీ 1970లలో రూపొందించిన ఎల్ఎస్ 3/5ఏ స్పీకర్‌ను రోజర్స్, స్పెండర్ వంటి సంస్థలు లైసెన్సుతో తయారుచేశాయి. డిజైన్ ఒక్కటే. అయినా రోజర్స్ టేకు పెట్టె పక్కన స్పెండర్ టేకు పెట్టె పెడితే రంగు కలుస్తుందన్న నమ్మకం లేదు.

దుంగ కంటే ఎక్కువ తేడా తెచ్చేది వెలుతురు. వాల్‌నట్ ఏళ్ల తరబడి వెలుతురు తగిలితే ముదురు గోధుమ రంగు పోయి తేనెరంగుకు తేలుతుంది. చెర్రీ అందుకు విరుద్ధం: ముదిరి ఎర్రబారుతుంది. కిటికీ పక్కనున్న స్పీకరు ఒక రంగుకు, గది మూలనున్నది మరో రంగుకు రావడం ఇలాగే. ముందున్న గ్రిల్ ఊడదీస్తే, దాని చాటున కూడా వెనీర్ ఉంటే, అది దాదాపు పాత రంగులోనే ఉంటుంది. పక్క పలకతో పోలిస్తే ఎంత మారిందో అక్కడే తెలిసిపోతుంది. పైన పూలకుండీ పెట్టిన గుర్తులూ చూడాలి.

అమ్మేవారు పంపిన విడివిడి ఫొటోలను నమ్మి రంగు నిర్ణయించకూడదు. రెండింటినీ పక్కపక్కన, పగటి నీడలో, ఒకే ఫొటోలో అడగాలి. బల్బు కింద ఒకేలా కనిపించిన రెండు పాలిష్‌లు పగటి వెలుతురులో వేరుపడవచ్చు. చూసే కోణం మారినా చారల మెరుపు మారుతుంది కాబట్టి రెండు పెట్టెలూ ఒకే వైపు తిరిగి ఉండాలి.

కొద్దిపాటి తేడా సర్దుకుంటుంది. లేత చెర్రీని కొన్నాళ్లు వెలుతురులో ఉంచితే ముదిరినదాన్ని అందుకుంటుంది. నూనె పాలిష్ వాల్‌నట్‌కు అవిసె నూనె పట్టిస్తే చారలకు లోతు వస్తుంది, పోయిన రంగు మాత్రం పూర్తిగా రాదు. లక్క పూత ఉంటే నూనె ఇంకదు. ఉప్పుకాగితంతో గట్టిగా రుద్దితే వెనీర్ అరిగి అడుగు బోర్డు బయటపడుతుంది. ఆ మచ్చను ఏ పాలిషూ కప్పలేదు.