పెడిక్యూర్ తర్వాత ఆ ఎరుపు మామూలేనా?

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే మా ఓపీకి ఒక తరహా పాదాలు వస్తుంటాయి. గోళ్లకు నిగనిగలాడే రంగు, ఆ పక్కనే ఎర్రగా వాచిన బొటనవేలు. ‘ఏమైందమ్మా?’ అంటే ‘చెప్పు కరిచిందేమోనండీ’ అంటారు. రెండోసారి అడిగితే గానీ పార్లర్ మాట బయటికి రాదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎప్పుడు చేయించుకున్నారు, ఏం రాశారు, బ్లేడు వాడారా అన్నది తెలిస్తే మాకు సగం పని తేలికవుతుంది.

ముఖ్యంగా రోజుల లెక్క చెప్పండి. చేయించుకున్న రోజే పాదం కాస్త ఎర్రబడి చురచురలాడితే అది చాలావరకు రాపిడి వల్లే. మర్నాటికి తగ్గిపోవాలి. మడమల మీది గట్టి చర్మాన్ని మెత్తబరచడానికి రాసే కొన్ని ద్రావణాల్లో ఘాటైన క్షారాలుంటాయి. ఎక్కువసేపు ఉంచితే చర్మం కాలుతుంది. రాస్తుండగానే మంట పుడితే మొహమాటపడకుండా చెప్పి కడిగించేసుకోండి.

ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, చిన్న నీటి పొక్కులు వస్తే అలర్జీని అనుమానించాలి. క్రీముల్లోని సువాసన ద్రవ్యాలు, జెల్ పాలిష్‌లోని అక్రిలేట్లు ఇందుకు కారణం కావచ్చు. అక్రిలేట్లు ఒకసారి పడకపోవడం మొదలైతే ఇక ఎప్పటికీ పడకపోవచ్చు. పళ్లకు వేసే కొన్ని ఫిల్లింగుల్లో, కీళ్ల మార్పిడిలో వాడే ఎముక సిమెంటులో కూడా ఈ తరహా పదార్థాలే ఉంటాయి. కాబట్టి మున్ముందు అలాంటి చికిత్స చేయించుకోవాల్సి వస్తే ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

రెండు మూడు రోజులు గడిచాక గోరు పక్కన సలుపు, వాపు, చీము మొదలైతే గోరుచుట్టు. గోటి మొదట్లో ఉండే పలచటి పొరను అందం కోసం కత్తిరించేస్తుంటారు. గోటికీ చర్మానికీ మధ్య సందులోకి క్రిములు పోకుండా కాపాడేది ఆ పొరే. ‘దాన్ని కత్తిరించొద్దు’ అని కూర్చోగానే చెప్పేయండి.

వారాల తర్వాత వచ్చే సమస్యను మాత్రం ఎవరూ పార్లర్‌తో ముడిపెట్టరు. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒకే సెలూన్‌కు వెళ్లిన వంద మందికి పైగా మోకాళ్ల కింద మొండి కురుపులు లేచాయి. నీళ్లు సుడి తిరిగే టబ్బుల్లో, ఫిల్టరు వెనక వెంట్రుకలు, చర్మపు పొట్టు పేరుకుపోయి ఉన్నాయి. అక్కడ క్షయ క్రిమికి దూరపు చుట్టమైన మైకోబ్యాక్టీరియం ఫార్చ్యుటమ్ దొరికింది. ముందుగా కాళ్లు షేవ్ చేసుకున్నవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది. షేవింగ్, వ్యాక్సింగ్ చేయించుకున్నాక రెండు రోజులైనా ఆగి పెడిక్యూర్‌కు వెళ్లమనేది అందుకే.

ఇక షుగర్ ఉన్నవాళ్ల సంగతి. ఆ మధ్య యాభై దాటిన ఒకావిడ వచ్చారు. పన్నెండేళ్లుగా షుగర్. కూతురి పెళ్లికి ముందు ‘అమ్మా, నువ్వూ రా’ అని పిల్లలు ముచ్చటపడి పార్లర్‌కు తీసుకెళ్లారు. వేడినీళ్లలో కాళ్లు నానబెట్టి, మడమ చర్మాన్ని బ్లేడుతో లోతుగా చెక్కినా ఆవిడకు నొప్పే తెలియలేదు. ‘హాయిగా ఉంది’ అన్నారట కూడా. ఆ తర్వాత పెళ్లి పనుల్లో చెప్పుల్లేకుండా తిరిగారు. తొమ్మిదో రోజున మా దగ్గరికి వచ్చేసరికి కాలు పిక్క దాకా వాచిపోయింది, మడమ నల్లబడింది. కాలు నిలబెట్టగలిగాం గానీ, పుండు మానడానికి మూడు నెలలు పట్టింది.

షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతింటే వేడి, నొప్పి తెలియవు. అలాంటివాళ్లకు నీళ్లలో నానబెట్టడం, బ్లేడు, గట్టి చర్మం కరిగించే మందులు వద్దే వద్దు. గోళ్లు తిన్నగా కత్తిరించి, మాయిశ్చరైజర్ రాస్తే చాలు. అమ్మానాన్నలకు షుగర్ ఉంటే రోజూ ఒకసారి వాళ్ల అరికాళ్లు మీరే చూడండి. వంగి చూసుకోవడం వాళ్లకు కష్టం.

మిగతావాళ్లు పార్లర్‌కు సొంత కిట్ తీసుకెళ్లడం మేలు. పనిముట్లను యూవీ పెట్టెలో పెట్టినంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు. అరగదీసే రాయి, చెక్క ఫైలు అసలు శుద్ధి కావు. ఇంటికొచ్చాక ఒక రోజు బిగుతు బూట్లు వేసుకోకండి. వేళ్ల సందులు పొడిగా తుడవండి, అక్కడ క్రీము పూయకండి. జెల్ పాలిష్‌ను గోటితో పీకితే గోటి పొర కూడా ఊడి వస్తుంది. చిన్న గీత పడితే సబ్బునీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. పసుపు, సున్నం, టూత్‌పేస్ట్ పెట్టకండి. బ్లేడు లోతుగా దిగితే టీటీ ఇంజక్షన్ గురించి అడగండి. గోరుచుట్టు మొదట్లోనే ఉంటే, షుగర్ లేనివాళ్లు గోరువెచ్చని నీళ్లలో రోజుకు మూడు నాలుగుసార్లు పది నిమిషాలు వేలు ముంచితే చాలాసార్లు తగ్గుతుంది. చీము కనిపిస్తే సూదితో పొడవకండి.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది మాత్రం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబు. స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీము అది. రెండు రోజుల్లో దురద పోతుంది, ఫంగస్ మాత్రం లోపల పాకుతుంది. నెల తర్వాత మా దగ్గరికి వచ్చేసరికి మచ్చ రూపే మారిపోయి ఉంటుంది.

ఎరుపు కనిపిస్తే దాని అంచు వెంబడి బాల్‌పెన్‌తో గీత గీయండి. మర్నాటికి ఎరుపు గీత దాటితే, కాలి పైకి ఎర్రటి చార పాకితే, గజ్జల్లో బిళ్ల కడితే, జ్వరం వస్తే, చర్మం నల్లబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లయితే పాదానికి చిన్న గాయమైనా, నొప్పి లేకపోయినా ఆగొద్దు. వచ్చేటప్పుడు నెయిల్ పాలిష్ తుడిచేసి రండి. గోటి రంగు మాకు కనిపించాలి.