నిదానం వేరు, సాగదీత వేరు

నిదానంగా నడిచే నేరకథ తెర మీదికి వస్తే చాలు, 'ఫస్టాఫ్ అంతా ల్యాగ్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. పరుగులు, ఛేజింగులు లేకపోతే కథ నడవనట్టేనన్న ఈ లెక్క తప్పు. దిలీష్ పోతన్ 2017లో తీసిన మలయాళ చిత్రం 'తొండిముతలుం దృక్సాక్షియుం' చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. తెలుగులో 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'గా వచ్చిన కథకు మూలమైన మలయాళ చిత్రమూ ఈయనదే. 'తొండిముతలుం' కథలో, బస్సులో శ్రీజ అనే యువతి మెడలోని గొలుసు కాజేసిన దొంగ, పట్టుబడగానే దాన్ని మింగేస్తాడు. దొంగ ఎవరో మనకు తెలుసు. సొత్తు ఎక్కడుందో ఎక్స్‌రే చూపిస్తుంది. మామూలు క్రైమ్ సినిమా ముగిసే చోట ఈ సినిమా మొదలవుతుంది.

ఇక మిగిలింది కాసరగోడ్‌లోని ఒక పోలీస్ స్టేషన్, అందులో ఎదురుచూపు. కంసాలి తక్కెడలో బంగారం వేయగానే ముల్లు ఊగుతుంది. అది నిలవకముందే తూకం చెబితే మోసమే. దర్శకుడు ఆ ముల్లు నిలిచేదాకా ఆగాడు. ఒక పళ్లెంలో పెద్దలను కాదని పెళ్లి చేసుకున్న శ్రీజ, ఆమె భర్తల మాట, రెండో పళ్లెంలో జంకూ గొంకూ లేని దొంగ అబద్ధం. మధ్యలో పోలీసులు. గంటలు గడిచేకొద్దీ వాళ్ల ఆరాటం గొలుసు మీద నుంచి సొంత ఉద్యోగాల మీదికి మళ్లుతుంది. ఈ మార్పును ఎవరూ డైలాగులో చెప్పరు, చూపుల్లోనే తెలుస్తుంది. పేరడిగితే, ఫిర్యాదుదారుడి పేరే తనదీ అంటాడు దొంగ. ఆ మాట అంటున్నప్పుడు ఫహద్ ఫాజిల్ కళ్లు చూడండి: నిజమో అబద్ధమో చివరిదాకా తేలదు. సూరజ్ వెంజారమూడు భర్తగా తన నిస్సహాయతను భుజాలు వాల్చి చూపిస్తాడు. ఎస్సై వేషం కట్టిన సిబి థామస్ నిజజీవితంలోనూ పోలీసు అధికారే. లాఠీ పట్టుకోవడం నేర్పిస్తే వస్తుందేమో గానీ, కుర్చీలో కూర్చునే ఆ తీరు నేర్పిస్తే వచ్చేది కాదు.

ఇరవై నిమిషాలు కత్తిరిస్తే ఇంకా బాగుండేదని కొందరంటారు. కత్తిరిస్తే పోయేది ఎదురుచూపే. అది పోతే పోలీసులు మెల్లమెల్లగా వంగిపోవడం కనిపించదు, చివర్లో శ్రీజ తీసుకునే నిర్ణయానికి బలం ఉండదు. నిదానంగా ఉన్న ప్రతి సినిమా మంచిదని నేను అనడం లేదు. సన్నివేశం మొదట్లో ఉన్న మనిషి చివర్లోనూ అలాగే ఉంటే అది సాగదీతే. ఇందులో అలాంటి సన్నివేశం నాకు కనిపించలేదు. 65వ జాతీయ అవార్డుల్లో ఫహద్‌కు ఉత్తమ సహాయ నటుడిగా, సజీవ్ పాళూర్‌కు స్క్రీన్‌ప్లేకు పురస్కారాలు వచ్చాయి. తొలి సినిమాలోనే శ్రీజగా నిలబడిన నిమిషా సజయన్‌కూ ఒకటి రావలసింది.