నీటి గొట్టపు లావు

నంద్యాల జిల్లాలోని ఆత్మకూరునుండి దోర్నాలకు పోవు మార్గము బైర్లూటి మీదుగా నల్లమల అడవిలోనికి సాగును. రోళ్లపెంట కడ కనుమ దారి మెలికలు తిరుగును. వేసవి మధ్యాహ్నమున నిండు బరువుతో లారీ చిన్న గేరులో ఎక్కుచుండగా ఇంజను వడిగా తిరుగును, బండి మాత్రము మెల్లగా కదలును, ఎదురుగాలి చాలదు. లోని నీరు మరగి, ఆవిరి చిమ్మి, బండి నిలిచిపోవుట కద్దు. అది పెద్దపులుల అభయారణ్యమగుటచే రాత్రివేళ ఆ దారిన వాహనములను పోనీయరు. ప్రొద్దు క్రుంకువేళ అట్టి చోట చిక్కుకొన్నవారి అవస్థ చెప్పనలవి గాదు. అందులకు కారణము ఒక్కొక్కప్పుడు జానెడు పొడవుగల రబ్బరు గొట్టమే!

ఇంజనులో కాలు ఇంధనపు వేడిలో మూడవవంతునకు దగ్గరగా లోహపు గోడలకెక్కును. దానిని మోసికొనిపోవుటకై పంపు నీటిని త్రిప్పుచుండును. వేడినీరు పై గొట్టముద్వారా రేడియేటరు చేరి, గాలికి చల్లబడి, క్రింది గొట్టముద్వారా మరల ఇంజనునకు వచ్చును. నీటిలో కూలెంటు అను ద్రవమును కలుపుదురు. మన ఎండలలో నీరు గడ్డకట్టు భయము లేకున్నను, త్రుప్పు భయము కలదు గదా!

గొట్టమెంత లావుండవలెనో ఊహించి చెప్పరాదు, లెక్కింపవలెను. కనుమ నెక్కునపుడు నీటికి సెకండునకు 84 కిలోజౌళ్ల వేడి చేరుచున్నదనుకొందము. లీటరు నీరు 10 డిగ్రీలు వేడెక్కుటకు 42 కిలోజౌళ్లు కావలెను. కావున సెకండునకు 2 లీటర్ల నీరు తిరుగవలెను. లోపలి వ్యాసము 38 మిల్లీమీటర్లుగల గొట్టములో ఆ నీటి వేగము సెకండునకు ఇంచుమించు 1.8 మీటర్లు. వ్యాసమును సగము చేసినచో వైశాల్యము సగము కాదు, నాలుగవవంతగును. వేగము 7 మీటర్లకు పెరుగును. రాపిడివలన కలుగు నష్టమో, సుమారు 32 రెట్లగును. పంపు దానిని భరింపజాలదు; ప్రవాహమే తగ్గిపోవును.

అట్లయిన మిక్కిలి లావు గొట్టమే మేలని కొందరు తలంతురు. నీటిదారిలో ఇరుకైన చోట్లే ప్రవాహమును బిగబట్టును. రేడియేటరు నాళములును, థర్మోస్టాటు ద్వారమును ఇరుకుగా నుండగా నడిమి గొట్టమొక్కటి విశాలమైన లాభమేమి? పైగా లోహపు మూతికంటె లావైన గొట్టమును క్లిప్పుతో బిగించినచో ముడుతలుపడి నీరు కారును.

క్రింది గొట్టము సంగతి వేరు. అది పంపు పీల్చుకొను వైపున నున్నది. బావి కడ ఇంజనుకు తగిలించు పీల్పు గొట్టమును మీరు చూచియుందురు; అది అణగకుండ తీగచుట్టతో గట్టిపరచియుందురు. ఇక్కడను అంతే. మెత్తబడిన గొట్టము ఇంజను వడిగా తిరుగునపుడు లోపలికి అణగి దారి మూసికొనును. నెమ్మదించగనే యథాస్థితికి వచ్చును. అందుచే కనుమలో మరగిన బండి మరమ్మతు కొట్టు చేరుసరికి ఏ దోషమును కనబరుపదు. ఈ దొంగ జబ్బును నివారించుటకే కొన్ని వాహనముల క్రింది గొట్టములో ఉక్కు తీగచుట్ట నుంతురు.

డ్రాగ్ పందెపు కారునకు ఈ లెక్క తలక్రిందులగును. చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటపై ఇట్టి పోటీలు జరిగినవి. నిలిచిన చోటునుండి పావుమైలు, అనగా 402 మీటర్లు, తిన్నగా పరుగెత్తుటే ఆ పందెము. సెకండునకు 200 కిలోజౌళ్ల చొప్పున 10 సెకండ్లలో నీటికి చేరు వేడి 2,000 కిలోజౌళ్లు. 10 లీటర్ల నీరు దానిని పుచ్చుకొని 48 డిగ్రీలు మాత్రమే వేడెక్కును. 40 డిగ్రీలతో బయలుదేరిన నీరు మరుగదు. పరుగు ముగిసిన పిదప చిన్న విద్యుత్ పంపుతో తీరికగా చల్లార్చుకొందురు. దానికి సన్నని గొట్టము చాలును, బరువును తగ్గును. అమెరికాలోని టాప్ ఫ్యూయల్ అను అతివేగపు కార్ల ఇంజనులలో నీటికి దారియే యుండదు! లారీకి అట్టి సౌకర్యము లేదు. గంటలకొలది వచ్చు వేడిని ఎప్పటికప్పుడు పంపివేయవలసినదే.

కావున గొట్టము మార్చువారు మొదట లోహపు మూతుల వ్యాసమును కొలుతురు. వంపుగల చోట ఆ వంపుతోనే పోతపోసిన గొట్టమును ఎన్నుకొందురు. తిన్నని గొట్టమును వంచినచో మడతపడి దారి సగమగును. రేడియేటరు క్యాపు లోపలి పీడనమును నిలుపుటచే నీరు 100 డిగ్రీలు దాటినను మరుగదు. వేడిమీద క్యాపు తీసినచో అది ఒక్కమారుగా ఆవిరియై ముఖముపైకి చిమ్మును. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే గొట్టమును వ్రేళ్లతో నొక్కి చూడవలెను. అది మెత్తగా అణగినను, గట్టిపడి పగుళ్లు కనబడినను, ఆత్మకూరులోనే మార్చుకొనవలయును. ఆపై దారి అడవిలోనిది.